పీల్చే మందు

కాంపౌండరు వెంకటేశయ్యకు మనుషుల మొహాలు చూసే అలవాటు లేదు. డిస్పెన్సరీ కిటికీ చువ్వల కింద చెయ్యి దూరేంత సందు ఒకటి ఉంది. బంగారు గనులు తెల్లదొరల చేతుల్లోంచి సర్కారు చేతుల్లోకి వచ్చినప్పుడు గేటు మీద పేరు మారింది, గోడల సున్నం మారింది, కిటికీ సందు మాత్రం మారలేదు. ఆ సందులోంచి ఏ చెయ్యి వస్తే ఆ చేతిలో మందు వేసి, దాన్ని తన వేళ్లతో బయటికి నెట్టేస్తాడు వెంకటేశయ్య. చీటీ మీద పేరు చదువుతాడేమో గానీ, పేరు పెట్టి పిలవడు.

ఓబలప్ప చేతిని మాత్రం చూడగానే గుర్తుపడతాడు. దానికి చూపుడు వేలు సగమే ఉంటుంది. మిగతా సగం గని షాఫ్టు అడుగున రాళ్ల కింద ఎక్కడో ఉండిపోయింది.

"మళ్లా వచ్చినావా?"

"నువ్వే రమ్మంటివి కదా సామీ."

"నేనెందుకు రమ్మంటాను? నీ మొగం చూడకుంటే నాకు పొద్దు పోదా?"

"నా మొగం నువ్వు యాడ చూస్తివి? చెయ్యే కదా చూసేది."

వెనక వరసలో ఒకరిద్దరు నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆ వరసలో ఎవరు నవ్వినా అది దగ్గుగానే ముగుస్తుంది.

"డాక్టరుకు చెప్పి సూది వేయించు సామీ," అన్నాడు ఓబలప్ప, చువ్వలకు నుదురు ఆనించి. "ఈ క్యాప్సూళ్లు మింగేది మొదలుపెట్టినాక రవంత కూడా గుణం లేదు. రాత్రిళ్లు గోడకానుకొని కూసోనుండాను."

"సూదులు బందయినాయి. ఇంత మంచి మందు వచ్చినాక ఇంగ సూదెందుకు? పొద్దున ఒకటి, సాయంకాలం ఒకటి. పో, పో."

కాగితం పొట్లం అరచేతిలో పడింది. చల్లటి వేళ్లు అతని చేతిని బయటికి నెట్టాయి.

ఓబలప్పకు మందుల్లో జాతులు తెలుసు. ఏళ్ల తరబడి వరసల్లో నిలబడినవాడికి అవి తెలియకుండా ఎట్లా ఉంటాయి? అన్నిటికంటే కింద ఎర్ర మిక్చరు. కడుపునొప్పికీ అదే, కాలు బెణికినా అదే. దాని మీద మాత్ర. మాత్ర మీద పిర్ర సూది. పిర్ర సూది మీద నరం సూది. నరం సూది అంటే అతనికి నమ్మకం. మందు ఎక్కుతుండగానే గుండె దడదడమంటుంది, చెవులు వేడెక్కుతాయి, కాసేపటికి ఎద మీది బండను ఎవరో పక్కకు జరిపినట్టుంటుంది. దాని పైన సెలైను సీసా. అది ఆఫీసర్లకూ, చచ్చేవాళ్లకూ. మనిషిని ఎంత నొప్పిస్తే ఆ మందు అంత పనిచేసినట్టు లెక్క. ఈ కొత్త క్యాప్సూలు ఏ జాతిలోనూ చేరేట్టు లేదు. ఒక సగం నీలం, ఒక సగం గాజులాగా తెలుపు, లోపల చిటికెడు పొడి. నోట్లో వేసుకుంటే చేదు లేదు, మింగితే మంట లేదు. ఇది మందెట్లా అవుతుంది?

అయినా కొళాయి దగ్గర ఆగి, ఒకటి నోట్లో వేసుకుని దోసిటితో నీళ్లు తాగాడు. సోమవారం బోర్డు ఉంది. బోర్డులో ఎవరైనా, మేము రాసిచ్చిన మందు తిన్నావా అని అడిగితే తినలేదని వంక పెట్టే అవకాశం వాళ్లకు ఇవ్వకూడదు.

బోర్డు అంటే బెంగుళూరు నుంచి వచ్చే డాక్టరు. ఎక్సరే ఫిలిమును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తాడు, ఎద మీద గొట్టం పెట్టి వింటాడు, ఒక మాట చెబుతాడు. ఆ మాట దూళు జబ్బు, అంటే రాతి దుమ్ము ఎదలో పేరుకున్న జబ్బు, అయితే అది కంపెనీ ఇచ్చిన జబ్బు. మనిషి బతికినన్నాళ్లూ కోరమండల్ లైనులో కంపెనీ ఇల్లు ఉంటుంది, నెలనెలా ఏదో వస్తుంది. ఆ మాట ఉబ్బసం అయితే అది ఒంట్లో పుట్టిన జబ్బు. పనికి పనికిరాడు గనక పని పోతుంది, పని లేదు గనక ఇల్లు పోతుంది. ఓబలప్ప వాళ్లన్న దొడ్డమునియప్పది ఉబ్బసం అన్నారు. జాక్‌హ్యామరు పట్టి రాయిలో తూట్లు వేస్తూ బతుకంతా గడిపిన మనిషికి, నీ వంశంలో ఎవరికైనా ఉబ్బసం ఉందా అని అడిగారు. లేదన్నాడు దొడ్డమునియప్ప. నీతో మొదలయింది అన్నారు.

*

సాయంత్రం ఓబలప్ప పెళ్లాం గంగులమ్మ పనిలోంచి రాగానే చాట గోడకు కొట్టి ఆనించింది. రాబర్ట్‌సన్‌పేటలో బియ్యం మండీ వాళ్ల ఇంట్లో ఆమె రాళ్లేరుతుంది, గిన్నెలు తోముతుంది. మండీ సావుకారు తల్లి అంబుజమ్మకు కూడా ఆయాసం. ఆమె ఆయాసం గురించి గంగులమ్మ రోజూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది, ఓబలప్ప ఎప్పుడూ వినడు. కోమటోళ్ల ఆయాసం వేరే, దానికి గాలి బాగా తగిలే మిద్దె ఉంటుంది.

"నీ పొట్లం యాడుండాది?"

"ఏం, నువ్వు మింగుతావా?"

"ఇట్లా తే." పొట్లం లాక్కుని, ఒక క్యాప్సూలు తీసి దీపం దగ్గర తిప్పి చూసింది. "ఇదే. నీలమూ, తెలుపూ. ఆ ముసలామెదీ ఇదే."

"అయితే?"

"ఆమె మింగదు. పైపు ఒకటుండాది, ప్లాస్టిక్కుది, బొటనవేలంత లావు. దాని కొసలో ఈ క్యాప్సూలు దోపి, మెడ పట్టి తిప్పుతాది. టక్కంటాది. అప్పుడు నోట్లో పెట్టుకొని బీడీ లాగినట్టు లోపలికి లాగుతాది. పొడి అంతా ఎదలోకి పోతాది."

ఓబలప్ప గోడకు ఆనుకుని కూర్చున్నవాడు నెమ్మదిగా నిటారుగా అయ్యాడు.

"ఏందీ, పొడి పీలుస్తాదా?"

"ఊ. పీల్చి, ఊపిరి బిగబట్టి, మళ్లా వదులుతాది. ఇంగ చూడు, మిద్దె మెట్లు ఎక్కి దిగుతా ఉండాది, గుర్రం మాదిరి. నువ్వు దాన్ని కడుపులోకి పంపిస్తా ఉండావు. నీ జబ్బు కడుపులో ఉండాదా, ఎదలోనా?"

"నీకు మతి పోయింది."

"నాకా?"

"ఇన్నేండ్లు ఆ గుంతలో పొడి పీల్చే కదా నేను ఇట్లయింది! రాతి పొడి. ఇంట్లోకి వస్తే నా తల నుంచి రాలేది, చాపంతా తెల్లగా అయ్యేది, నువ్వే కదా చీపురుతో ఊడ్చేదానివి. ఇప్పుడు ఆ కంపెనీ వాడే ఇంగొక పొడి చేతిలో పెట్టి పీల్చమంటే పీల్చల్నా? ఎద నింపేది అయిపోలేదా వాళ్లకు?" మాట మధ్యలో ఊపిరి తెగింది. మిగతాది చేత్తో చెప్పాడు.

"అయితే మింగు. సుమ్మనే మింగు. కడుపుకు మంచిది," అని పొట్లం అతని ఒళ్లోకి విసిరింది. "ఆ వెంకటేశయ్య నీకు క్యాప్సూలిచ్చినాడు గానీ పైపియ్యలే. ఏమిటికియ్యలే? పో, అది అడుగు. నా మీద ఎగిరేది గాదు."

పీల్చే మాట ఓబలప్ప నమ్మలేదు. ఇవ్వలేదనే మాట మాత్రం పట్టుకుంది.

*

మర్నాడు పొద్దున కిటికీ సందులో ఓబలప్ప చెయ్యి కనబడగానే వెంకటేశయ్య చీటీ కోసం చూశాడు. చేతిలో చీటీ లేదు.

"పైపు," అన్నాడు ఓబలప్ప.

"ఏం పైపు?"

"క్యాప్సూలు పెట్టి పీల్చే పైపు. మండీ వాళ్ల ముసలామెకు ఉండాది. నాకేల ఇయ్యలే?"

లోపల గాజుసీసాల చప్పుడు ఆగిపోయింది.

"అది మందు కాదు. ఇన్‌స్ట్రుమెంటు," అన్నాడు వెంకటేశయ్య చివరికి. "మందంటే ఇచ్చేది. ఇన్‌స్ట్రుమెంటంటే రాసుకొని ఇచ్చేది, రాసుకొని వాపసు తీసుకొనేది. ఆఫీసర్లకు ఇస్తాము. మీకిస్తే దాంట్లో బీడీ దోపి పీలుస్తారు. పోగొట్టి వస్తే దానికి జవాబుదారీ నేను."

"అయితే పైపులు ఉండాయి."

"ఉండాయి. అల్మారాలో ఉండాయి. తాళమేసి ఉండాది. చెయ్యి తియ్యి."

ఓబలప్ప చెయ్యి తియ్యలేదు. మోచేతి దాకా లోపలికి దోపి, ఆ రెండున్నర అడుగుల కిటికీకి భుజం ఆనించి నిలబడ్డాడు. ఆ చెయ్యి అక్కడున్నంతసేపు ఇంకో చెయ్యి లోపలికి పోయే దారి లేదు. వరసలో మొదట గొణుగుడు లేచింది, తర్వాత అరుపులు లేచాయి. జ్వరంతో ఉన్నవాళ్లు, బిడ్డల్ని చంకనేసుకున్నవాళ్లు ఓబలప్పనూ తిట్టారు, వెంకటేశయ్యనూ తిట్టారు. ఓబలప్పనే ఎక్కువ తిట్టారు. అందుబాటులో ఉన్నది అతని వీపే కదా.

"షట్టరు వేస్తా," అన్నాడు వెంకటేశయ్య. ఇనప రేకు మీద చెయ్యి వేసిన చప్పుడు వినబడింది. "చెయ్యి తెగిపోతే నన్ననేది లేదు."

"వెయ్యి సామీ. ఒక వేలు ఆ గుంతకిచ్చినాను. మిగిలినవి నీకిస్తాను."

"పొగరా నీకు?"

"ఊపిరే లేదు, ఇంగ పొగరు యాడిది?"

"సోమవారం బోర్డులో ఎవురుంటారో తెలుసునా? డాక్టరు పక్కన మందుల తట్ట పట్టుకొని నేను నిలబడి ఉంటా. గుర్తు పెట్టుకో."

"పెట్టుకుంటా. ముందు పైపు తే."

అరుపులు విని ఆవరణ అవతలి నుంచి నర్సమ్మ ఒకామె తొంగి చూసింది. ఆమె చూడటం వెంకటేశయ్యకు నచ్చలేదు. అల్మారా తెరిచిన చప్పుడయింది. ఓబలప్ప అరచేతిలో ఏదో గట్టిగా, కొట్టినట్టు పడింది. చెయ్యి బయటికి లాగి చూసుకున్నాడు. సగం తెలుపు, సగం నీలం ప్లాస్టిక్కు. ఈల కంటే లావు, పిల్లల బూర కంటే పొట్టి.

ఎట్లా వాడాలో వెంకటేశయ్య చెప్పలేదు, ఓబలప్ప అడగలేదు. తాళం వేసి పెట్టిన వస్తువు గనక అతనికి అది కావలసి వచ్చింది. ఇంటికి తెచ్చి, దేవుడి పటం పక్కన గూట్లో పెట్టాడు. సాయంత్రం క్యాప్సూలు ఎప్పటిలాగే మింగాడు.

*

శనివారం ఆషాఢపు గాలి తిరిగింది. కోరమండల్ లైన్లలో ఆ గాలి అంటే అందరికీ తెలుసు. బంగారం తీసేసి పారబోసిన మట్టి సైనైడు దిబ్బలై ఊరంత ఎత్తున నిలబడి ఉంది. గాలి అటునుంచి వీస్తే ఆ మట్టి మెత్తగా, పిండిలాగా లేచి వచ్చి పెంకుల సందుల్లోంచి దిగుతుంది. అన్నం మీద మూత తియ్యకముందే నోట్లో కరకరమంటుంది.

పొద్దు వాలేసరికి ఓబలప్ప మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని, భుజాలు చెవుల దాకా ఎగదీసి కూర్చున్నాడు. ఒక్కో ఊపిరీ లోపలికి పోతుంది గానీ బయటికి రావడానికి ఒప్పుకోవడం లేదు. ఎదలో పిల్లులు కొట్లాడుతున్నట్టుంది. పెదవులు నేరేడుపండు తిన్నవాడి పెదవుల్లా ఉన్నాయి.

గంగులమ్మ గూట్లోంచి పైపు తీసింది. అంబుజమ్మ ఎట్లా చేస్తుందో చూసిన చేతులు గనక తడుముకోలేదు. పైనున్న చదరపు కన్నంలో క్యాప్సూలు దోపి, మెడ పట్టి తిప్పింది. టక్‌మంది. చెవి దగ్గర పెట్టి ఆడించి చూస్తే లోపల విరిగిన ముక్కలు గలగలమన్నాయి.

"నోరు తెరువు."

తల అడ్డంగా ఆడించాడు.

"సచ్చేటోడివి సోమవారం బోర్డు అయినాక సావు. ఈ రెండు దినాలు ఆగు. ఇల్లు నా మీద వేసి పోవద్దు," అంటూ అతని జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచింది. "ఉండే ఊపిరి బయటికి వదులు. ఇంగా. ఆ, ఇప్పుడు లాగు. నీ బీడీ అనుకో. గట్టిగా!"

తిట్టడానికి ఊపిరి లేదు గనక లాగాడు. నాలుక వెనక పొడి తగిలింది. రాతి పొడి ఉప్పగా, మందుగుండు వాసనతో ఉండేది. ఇది తియ్యగా ఉంది. తియ్యగా ఉండటం చూసి అతనికి ఇంకా భయమేసింది. దగ్గు తన్నుకొచ్చింది, ఆమె అరచేత్తో నోరు మూసింది. "పట్టు. వదలద్దు. ఆమె ఇట్లే బిగబడతాది."

ఏమీ కాలేదు. గుండె దడ లేదు, చెవుల్లో వేడి లేదు. చూస్తివా అన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమె పట్టించుకోకుండా పోయి ఎర్రగడ్డలు తరగడం మొదలుపెట్టింది.

ఆమె తరగడం ముగించి పొయ్యి మీద బాణలి పెట్టేసరికి, ఓబలప్ప తన భుజాలు కిందికి దిగి ఉండటం గమనించాడు. ఎప్పుడు దిగాయో తెలియదు. పిల్లుల్లో ఒకటి ఊరుకుంది. ఇంకో ఊపిరి తీశాడు. అది లోపలికి పోయి, ఎక్కడా తట్టుకోకుండా బయటికి వచ్చింది. పోపు వాసన తెలిసింది. తన ఇంట్లో పోపు వాసన తెలిసి ఎన్నాళ్లయిందో!

ఆ రాత్రి వెల్లకిలా పడుకున్నాడు. గంగులమ్మ రెండుసార్లు లేచి అతని ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. అంత నిశ్శబ్దంగా ఉన్న మనిషిని ఆమె నమ్మలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం కదిరప్ప వచ్చాడు. ఒకే గ్యాంగులో పనిచేసినవాడు, ఒకే డ్రిల్లుకు అటు ఇతను, ఇటు అతను భుజం పెట్టినవాళ్లు. వాకిట్లో చేతిబండి నిలబెట్టి, తాళ్లు మిగిలి ఉంటే ఇమ్మని అడిగాడు. బండి మీద రెండు ట్రంకులు, రుబ్బురోలు, చుట్టిన చాపలు.

"యాడికప్పా?"

"నంగలికి. నా ఆడామె పుట్టినిల్లు. ఇల్లు ఖాళీ చెయ్యమని కాగితమొచ్చింది." లోపలికి వచ్చి కూర్చుని, గూట్లోని పైపు చూశాడు. అందుకోబోయి, తేలు కనబడినవాడిలా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇది నీకెట్లొచ్చింది?"

"కొట్లాడి తెచ్చినాను. శానా మంచి మందప్పా. నిన్న రాత్రి..."

"మంచిదే. ఎందుకు మంచిది కాదు? నా ఇల్లు పీకింది ఇదే."

ఓబలప్పకు అర్థం కాలేదు. కదిరప్ప తువ్వాలుతో మెడ తుడుచుకుని, ఒక్కో మాటా రాయి పెట్టినట్టు చెప్పాడు.

"పోయిన బోర్డులో నా ఫిలిము చూసినాడు డాక్టరు. తెల్ల చుక్కలు ఉండాయి, దూళు కావచ్చు, పాత టీబీ కావచ్చు, తెలీడం లే అన్నాడు. ముల్లు ఉండే గొట్టం ఒకటి ఊదమన్నాడు. ఊదినా. ముల్లు రవంత లేచి పడిపోయింది. ఇంగ ఈ పైపు ఇచ్చినాడు, పీల్చమన్నాడు. వెంకటేశయ్యే తిప్పి చేతికిచ్చినాడు. పీల్చినా. ఎదలో తలుపు తీసినట్టయింది. ఆ డాక్టరుకు దండం పెట్టినానప్పా నేను. మళ్లా ఊదమంటే, సంతోషంతో ఊదినా. ముల్లు పైకి పోయింది. డాక్టరు నవ్వినాడు. దూళు అయితే మందుకు తెరుచుకోదు, ఇది తెరుచుకునింది, అందుకని ఉబ్బసం అన్నాడు. మీ తాతకు ఉండిందా అన్నాడు."

గంగులమ్మ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగింది.

"రెండూ ఉండగూడదా?" అంది. "దూళూ ఉండి, మందుకు రవంత తెరుచుకోగూడదా?"

"ఏమో తల్లీ. అడిగేదానికి నాకు తెలివి లేకపాయె. ఊపిరొచ్చిన సంతోషంలో ఉండాను." లేచి నిలబడి ఓబలప్ప భుజం తట్టాడు. "రేపు నీకూ ఇస్తారు. బాగా పీల్చు."

అది ఎగతాళో, హెచ్చరికో అతని మొహంలో తెలియలేదు. తాళ్లు తీసుకుని పోయాడు. బండి చక్రం కీచుమంటూ లైను చివరి దాకా వినబడింది.

ఓబలప్ప సాయంత్రం మందు తీసుకోలేదు. మింగనూ లేదు, పీల్చనూ లేదు. రేపు బోర్డుకు తన అసలు ఎద తీసుకుపోవాలి. పొద్దుపోయేసరికి భుజాలు మళ్లీ చెవుల దగ్గరికి వచ్చాయి.

"ఇప్పుడు తీసుకోకుంటే సరే," అంది గంగులమ్మ. "ఆడ వాళ్లే నోట్లో పెడతారు కదా. ఏం చేస్తావు?"

ఓబలప్ప గూట్లోని పైపు వైపు చూశాడు.

"పీల్చద్దు. ఊదు," అంది ఆమె పళ్లు కొరుకుతూ. "మొద్దు నాయాలు, ఏదీ తెలీదు అనుకొంటారు కదా మిమ్మల్ని. అనుకోనీ. ఒకదినం దానికి తగినట్టు ఉండు."

*

బోర్డు గదిలో ఫ్యాను తిరుగుతోంది. డాక్టరుది నున్నగా గీసుకున్న మొహం, కళ్లద్దాలు, తెల్లచొక్కా. ముందున్న మనుషుల చీటీల మీద చూపు, వాళ్ల వెనకున్న గోడ గడియారం మీద చూపు. పక్కన వెంకటేశయ్య మందుల తట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఓబలప్ప లోపలికి రాగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కిటికీ అడ్డం లేకుండా ఒకరి మొహం ఒకరు చూడటం అదే మొదలేమో. వెంకటేశయ్య కళ్ల కింద సంచులు ఉన్నాయి. అనుకున్నదానికంటే ముసలివాడు.

ఫిలిము కిటికీకి ఎత్తి, డాక్టరు పెదవి విరిచాడు. "చుక్కలు ఉండాయి. చెప్పడానికి లేదు. ఊదయ్యా."

ఓబలప్ప ముల్లు గొట్టం ఊదాడు. దీనికి నటన అక్కరలేదు. ముల్లు ఉలిక్కిపడినట్టు లేచి, అక్కడే కూలబడింది.

"పైపు ఇవ్వండి. వాడటం తెలుసునా ఇతనికి?"

"తెలుసును సార్," అన్నాడు వెంకటేశయ్య వెంటనే. క్యాప్సూలు దోపి తిప్పాడు. టక్. ఓబలప్ప చేతికిచ్చాడు.

ఓబలప్ప పైపు నోట్లో పెట్టుకున్నాడు. ఎదలో మిగిలిన ఆ కాస్త గాలినీ పోగుచేసి, బలమంతా పెట్టి ఊదాడు.

కన్నంలోంచి తెల్లటి పొడి చిమ్మి, ఫ్యాను గాలికి చెదిరి డాక్టరు మొహం మీదికి పోయింది. చిటికెడు పొడి. డాక్టరు కుర్చీతో సహా వెనక్కి జరిగి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏయ్! ఊదబేడ, ఊదద్దు! లోపలికి లాగల్లయ్యా! థూ, కళ్లలో పడింది." అద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగాడు. "ఎంతకాలంగా ఇస్తా ఉండారు ఇతనికి? ఎవరు నేర్పించినారు? అసలు నేర్పించినారా?"

తట్టలోని సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఓబలప్ప అటు చూశాడు. వెంకటేశయ్య తల దించుకుని తట్ట అంచు గట్టిగా పట్టుకున్నాడు. నేర్పలేదు సామీ, పైపే ఇయ్యలేదు, తాళమేసి పెట్టి అందరి చేతా మింగించినాడు. ఆ మాట నాలుక చివర వరకు వచ్చింది. అది చెబితే ఎంత హాయిగా ఉంటుంది! ఈ మనిషి కిటికీ వెనకాల ఇంక కనబడడు. కానీ ఆ వెంటనే డాక్టరు తానే లేచి, దగ్గరుండి నేర్పుతాడు.

"నేర్పినాడు సామీ," అన్నాడు ఓబలప్ప. "దినమూ చెప్తాడు పాపం. నా బుర్రకే ఎక్కదు."

వెంకటేశయ్య తల ఎత్తాడు.

"ఎక్కదు, ఎక్కదు," అన్నాడు డాక్టరు. "ఇంకోటి ఇవ్వండి. ఈసారి నేను చూస్తాను. లాగాలి, తెలిసిందా? పాయసం జుర్రినట్టు లాగు."

దీనికి గంగులమ్మ ఉపాయం చెప్పలేదు. రెండోసారి ఊదితే కావాలని చేశాడని తెలిసిపోతుంది. లాగితే తలుపు తెరుచుకుంటుంది. లైనులో తన ఇల్లు, పొయ్యి, గూడు, వాకిట్లో కదిరప్ప చేతిబండి, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

డాక్టరు అద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంటున్నాడు. వెంకటేశయ్య కొత్త క్యాప్సూలు కన్నంలో దోపాడు. మెడ మీద చెయ్యి వేసి తిప్పినట్టు వేళ్లు కదిలాయి. పైపు ఓబలప్ప చేతిలో పెట్టాడు. ఎప్పటిలాగా నెట్టలేదు, పెట్టాడు.

టక్‌మనలేదు.

ఓబలప్ప పైపు మీద నుంచి కళ్లెత్తి చూశాడు. వెంకటేశయ్య గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

"ఊ, లాగు."

ఉన్న ఊపిరి బయటికి వదిలి, లాగాడు. డాక్టరు కళ్ల ఎదుట, ఎవరూ తప్పు పట్టలేనట్టు, బుగ్గలు లోపలికి పోయేట్టు లాగాడు. నాలుక మీద తీపి లేదు. గాలి, ప్లాస్టిక్కు వాసన, అంతే. బిగబట్టి, వదిలాడు.

"శభాష్. ఇంత సులభం," అన్నాడు డాక్టరు. బయట బెంచీ మీద కాసేపు కూర్చోబెట్టి మళ్లీ పిలిచారు. ఊదమన్నారు. ముల్లు మొదట ఎక్కడ కూలబడిందో అక్కడే కూలబడింది. డాక్టరు మళ్లీ ఊదించాడు, మళ్లీ అంతే. ఎద మీద గొట్టం పెట్టి విన్నాడు, ఫిలిము ఇంకోసారి కిటికీకి ఎత్తాడు.

"మందుకు తెరుచుకోవడం లేదు," అన్నాడు కలం తీస్తూ, కాస్త నిరాశగా. "దూళే ఇది. నెక్స్ట్."

వెంకటేశయ్య పైపును తట్టలోంచి తీసి, విరగని క్యాప్సూలును పిడికిట్లోకి జార్చుకున్నాడు.

*

వరండా చివర స్తంభం దగ్గర వెంకటేశయ్య ఓబలప్పను ఆపాడు. ఇప్పుడు కూడా మొహంలోకి చూడలేదు.

"నీ కోసం చెయ్యలే. నా నౌకరీ కోసం."

"నేను మాత్రం నీ కోసం చెప్పినానా?"

"ఇంగ సరిపోయింది. నువ్వు నాకు కనబడద్దు. నీకు నేను కనబడను."

"అట్ల కుదరదు సామీ." ఓబలప్ప స్తంభానికి చెయ్యి ఆనించి, ఒక్కో మాటకూ ఒక్కో ఊపిరి వెతుక్కుంటూ అన్నాడు. "అల్మారాలో ఉండే పైపులు రేపు కిటికీలోకి రావల్ల. అందరి చేతుల్లోకి. ఎట్ల తిప్పల్నో చెప్పి ఇయ్యల్ల. లేదంటే నాకు అన్నీ జ్ఞాపకమొస్తాయి."

"చెప్తే నీ ఇల్లూ పోతాది."

"పోనీ. నీదీ పోతాది."

వెంకటేశయ్య ఏదో బూతుమాట గొణిగి, తట్ట సర్దుకుంటూ లోపలికి పోయాడు. కదిరప్ప చేతికి విరిచి ఇచ్చిన క్యాప్సూలు గురించి అడగాలనుకున్నాడు ఓబలప్ప. అడిగి ఏం లాభం? అప్పుడు ఆ మనిషికి భయం పుట్టించేవాళ్లు ఎవరూ లేరు, సక్రమంగా పనిచేశాడు.

గేటు బయట గంగులమ్మ నిలబడి ఉంది. పైట చెంగులో మూట కట్టిన పైపు బొడ్లో దోపుకుంది. అతని మొహంలోకి చూసింది. ఇల్లు దక్కిందన్నట్టు అతను తల ఊపాడు. ఆమె అరిచేతులు ఒకసారి మొహానికి అద్దుకుని, వెంటనే "నడువు, ఇక్కడ కాదు," అంది.

నడవడం అంటే నాలుగు అడుగులు, ఒక ఆగడం. దారిలో ఎదురైనవాళ్లు అతన్ని చూసి పక్కకు తొలిగారు. సైనైడు దిబ్బ మలుపు తిరిగాక, డిస్పెన్సరీ గేటు కనబడని చోట, రోడ్డు కల్వర్టు మీద కూలబడ్డాడు. గాలి దిబ్బ మీద నుంచి వీస్తోంది. బూడిదరంగు మట్టి పొరలు పొరలుగా లేచి, పొదల మీద, వాళ్ల తలల మీద, అతని తెరిచిన నోట్లో పడుతోంది.

గంగులమ్మ మూట విప్పింది. క్యాప్సూలు దోపి, తిప్పింది. టక్. తర్వాత గాలికి వీపు పెట్టి నిలబడి, పైటను రెండు చేతులా విప్పి అతని తల చుట్టూ గోడలాగా పట్టుకుంది. ఆ పొడి లోపలికి రాకుండా, ఈ పొడి బయటికి పోకుండా.

"ఇప్పుడు లాగు. ఊదినావంటే సంపుతా."

ఆ చీకట్లో పొగ వాసన, ఎర్రగడ్డ వాసన. లాగాడు. నాలుక వెనక తీపి తగిలింది. బిగబట్టాడు. పైట అవతల మట్టి సర్రుమంటూ రాలుతున్న చప్పుడు వినబడింది.

కాసేపటికి భుజాలు దిగాయి. లేచి నిలబడ్డాడు. ఎద నిండా గాలి ఉంది, ఇల్లు దాకా ఆగకుండా నడిచేంత గాలి. వెనక మలుపులో డిస్పెన్సరీ నుంచి తిరిగి వస్తున్న మనుషులు కనబడ్డారు. తను హాయిగా నడవడం చూసి వాళ్లలో ఎవరు ఎవరికి ఏం చెబుతారో!

ఓబలప్ప మళ్లీ భుజాలు చెవుల దాకా ఎగదీసి, లైను చివరి దాకా దగ్గుతూనే నడిచాడు.